కొత్త ట్యాబ్ మూలన పసుపు వెలుతురు: మూడు ట్యాబ్‌లు, నెల రోజుల తిరుగుడు

“ఆ మూల పసుప్పచ్చగా పొగలా ఉంది, ఏంటమ్మా అది?” అని పెళ్లికూతురి అమ్మగారు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. జ్యేష్ఠంలో మేం తీసిన పెళ్లి అది. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. ఊరి చివర కొబ్బరి తోటలో పందిరి. అప్పుడే అడ్డుతెర తీశారు, జీలకర్ర బెల్లం పెట్టిన చేతులు ఇంకా తలల మీదే ఉన్నాయి, లైట్లన్నీ ఆ ఇద్దరి మీదే, వెనకంతా చిమ్మచీకటి. ఆ రాత్రి మా ఆయన తీసిన రెండు వేల పైచిలుకు ఫోటోల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఆ చీకట్లో కుడివైపు కింద మూల, ఎవరో చుట్ట కాల్చి పొగ వదిలినట్టు పసుపు మరక.

మరక ఫోటోలో లేదు. స్టూడియోలో మానిటర్ మీద పెట్టి చూస్తే ఆ మూల నల్లగానే ఉంది. మరక ఉన్నది ఐదు రోజుల క్రితం కొన్న ట్యాబ్‌లో.

మాది తణుకులో చిన్న స్టూడియో. మావయ్యగారు మొదలెట్టారు, ఇప్పుడు మా ఆయన తీస్తారు. ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్, కస్టమర్లని కూచోబెట్టి సెలక్షన్ చేయించడం నా పని. మానిటర్ మీద సెలక్షన్ అంటే ఒక్కరు కుర్చీలో, మిగతా ఐదుగురు వెనక నిలబడి మెడలు సాచడం. ట్యాబ్ అయితే చేతిలో పెట్టొచ్చు, ఇంటికి తీసుకెళ్లి నడవలేని మామ్మగారికి కూడా చూపించొచ్చు. అందుకని ఆషాఢంలో పని పల్చగా ఉన్నప్పుడు, ఆఫర్ చూసి, ఆన్‌లైన్‌లో 11 అంగుళాల ట్యాబ్ ఒకటి 24,999 రూపాయలకి తెప్పించాం. బ్యాటరీ రోజంతా వచ్చింది. సౌండ్ బాగుంది. పగటిపూట రంగులు మా మానిటర్‌కి దగ్గరగానే ఉన్నాయి. ఆ సంగతులన్నీ ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే నేను రాయదలుచుకున్నది తెర గురించి.

కంపెనీ పేరు, అమ్మిన యాప్ పేరు రాయడం లేదు. వెనకాల దీపం పెట్టి నడిచే తెర ఏ కంపెనీదైనా ఈ లోపం రావచ్చు. మీరు ఏది కొన్నా ఇది పనికొస్తుంది.

ఆవిడ అడిగిన రోజు శుక్రవారం. ట్యాబ్ వచ్చింది సోమవారం. వాపసుకి గడువు 7 రోజులు. ఐదు రోజులు నేను పట్టపగలు, ట్యూబ్‌లైట్ల కింద తెల్లటి పేజీలు, పట్టుచీరల ఫోటోలు చూసుకుని సంబరపడుతూ గడిపేశాను. ఈ లోపం తెల్లటి తెర మీద కనపడదు. వెలుతురులో కనపడదు. అందుకే గడువు దాటిపోయాక ఏ సినిమా చూస్తున్నప్పుడో బయటపడుతుంది చాలామందికి.

సాయంత్రం మావయ్యగారికి చూపించాను. ఆయన ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి, “ఇక్కడ కాదమ్మా, డార్క్ రూమ్‌లోకి పద” అన్నారు. ఫిల్మ్ రోజుల్లో ఆయన కడిగి, ప్రింట్లు వేసిన గది అది. ఇప్పుడు అందులో అంబ్రెల్లాలు, స్టాండ్లు, ఖాళీ ఆల్బమ్ పెట్టెలు ఉంటున్నాయి. కిటికీకి కొట్టిన నల్ల రెగ్జిన్, తలుపు లోపల రెండు వరసల నల్లగుడ్డ మాత్రం అలాగే ఉన్నాయి. ఆ గదిలో సూది మొనంత సందున్నా ఫిల్మ్ మసకబారి పాడైపోయేదని ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. తలుపు వేసి, గుడ్డ సర్ది, అలవాటు కొద్దీ కింద గడప దగ్గర కాలితో తడిమి చూసుకున్నారు.

నేను తొందరపడి ట్యాబ్ ఆన్ చేయబోతుంటే, “ఆగు, కళ్లు సర్దుకోనీ” అన్నారు. ఐదు నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. ఆ తర్వాత నేను ముందే చేసి పెట్టుకున్న పూర్తి నల్ల బొమ్మని తెర నిండా తెరిచాను.

తెర నల్లగా లేదు. మొత్తం బాగా ముదురు బూడిద రంగులో ఉంది. కుడి కింద మూల నా బొటనవేలు అడ్డంగా పెట్టినంత మేర పసుపు, అంచు దగ్గర చిక్కగా, లోపలికి వచ్చేకొద్దీ పల్చబడుతూ. పై అంచున రెండు చోట్ల చిన్న టార్చి పెట్టి కిందికి కొట్టినట్టు తెల్లటి చారలు. ఎడమ కింద మూల కూడా కొంచెం వెలుగుతోంది, అది మాత్రం నీలంగా ఉంది. మావయ్యగారు ట్యాబ్‌ని మెల్లిగా పక్కకి వంచారు. ఎడమ మూల నీలం జరిగిపోయి మాయమైంది. తిన్నగా ఎదురుగా పెట్టి రెండు అడుగులు వెనక్కి వెళ్తే అసలు లేనే లేదు. కుడి మూల పసుపు, పైన చారలు ఎటు వంచినా, ఎంత దూరం నుంచి చూసినా కదల్లేదు.

“ఇది లీకేజీయేనమ్మా” అన్నారు.

ఈ తేడా ముందు తెలుసుకోండి. కదిలిపోయే నీలం, బూడిద వెలుగు ఐపీఎస్ తెరల స్వభావం. పక్క నుంచి చూసినా రంగులు మారకుండా ఉండటం కోసం వచ్చిన తెర అది, ఆ సుఖంతోపాటు నల్లటి బొమ్మని ఓరగా చూస్తే ఈ మెరుపు కూడా వస్తుంది. దాని కోసం ట్యాబ్ వాపసు ఇస్తే వచ్చేదాంట్లోనూ అదే ఉంటుంది. చోటు కదలని మరక వేరు. దాన్ని బ్యాక్‌లైట్ బ్లీడ్ అంటారు. దానికే మనం పోట్లాడాలి.

అసలు వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందని మావయ్యగారు అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను, ఇక్కడా చెప్తాను. ఎల్‌సీడీ తెరలో బొమ్మ తనంతట తాను వెలగదు. ట్యాబ్ ఒక అంచు వెంబడి సన్నటి ఎల్‌ఈడీల వరస ఉంటుంది. అవి తెల్లగా కనపడినా లోపల నీలం దీపాలే, పైన పసుపు పూత ఉండబట్టి తెల్లగా వస్తాయి. ఆ వెలుతురు పక్క నుంచి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలోకి వెళ్లి తెరంతా పరుచుకుంటుంది. దాని వెనక తెల్లటి కాగితం లాంటి షీటు వెలుతురుని ముందుకి తోస్తుంది. ముందు వైపు రెండు మూడు పల్చటి షీట్లు ఆ వెలుతురుని సమంగా చేస్తాయి. వీటన్నిటి ముందు ద్రవ స్ఫటికాల పొర, కొన్ని లక్షల చిన్న చిన్న కిటికీ తలుపుల్లాగా. తెల్లగా కనపడాలంటే తలుపులు తెరుచుకుంటాయి, నల్లగా కనపడాలంటే మూసుకుంటాయి. వెనక దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఆ తలుపులు ఎంత మూసినా పూర్తిగా మూసుకోవు. మామూలు ఐపీఎస్ తెరలో తెలుపుకీ నలుపుకీ తేడా వెయ్యి రెట్లు ఉంటుంది. తెలుపు 400 నిట్‌లు (తెర వెలుతురుని కొలిచే లెక్క) ఉంటే నలుపు 0.4 అన్నమాట. చీకటి గదిలో అలవాటుపడ్డ కంటికి ఆ 0.4 కూడా కనపడుతుంది. తెరంతా బూడిదగా ఉండటం అందుకే, అది లోపం కాదు. కానీ బిగించేటప్పుడు చట్రం ఒక మూల ఎక్కువ నొక్కినా, వెనక చట్రం వెంట్రుకవాసి వంగినా, అంటించిన జిగురు ఒక చోట దళసరిగా ఉన్నా, ఆ చోట తెర కొద్దిగా వంపు తిరిగి తలుపులు సరిగ్గా పడవు. మండువేసవిలో కిటికీ వేసుకున్నా చెక్క వంగిన చోట ఎండ చార గదిలోకి వచ్చి పడ్డట్టే. ఓఎల్‌ఈడీ తెరల్లో ఏ చుక్కకి ఆ చుక్కే వెలుగుతుంది, నల్లగా ఉండాల్సిన చుక్క ఆరిపోతుంది, వెనక దీపమే ఉండదు కాబట్టి ఈ బాధ లేదు. నేను చూసిన ఆ రకం ట్యాబ్‌లు మా బేరానికి రెండింతలు, ఆ పైన. మా స్టూడియోకి అంత పెట్టలేం.

ఇక రుజువు. ఫోన్‌తో ఫోటో తీశాను. ఫోన్ తనంతట తను నైట్ మోడ్‌లోకి వెళ్లి, తెర మూలల్లో నిప్పంటుకున్నట్టు తీసింది. బాగున్న ఎడమ మూల కూడా మండుతోంది. మా ఆయన చూసి, “ఇదే పంపు, హడిలిపోతారు” అన్నారు. మావయ్యగారు ఒప్పుకోలేదు. “కంటికి కనపడనిది ఫోటోలో చూపిస్తే అది మన పని కాదురా” అన్నారు. ఆయన చెప్పింది ధర్మం అనే కాదు, లెక్క ప్రకారం కూడా సరైనదే. అలాంటి ఫోటోలు రోజుకి ఎన్నో చూసే మనిషి, ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే ఏ ఎల్‌సీడీ అయినా ఇలాగే వస్తుందని తోసిపుచ్చుతాడు. దాంతో నిజమైన లోపం కూడా కొట్టుకుపోతుంది.

కెమెరా స్టాండు మీద పెట్టి మాన్యువల్‌లో తీశాను. ట్యాబ్ బ్రైట్‌నెస్ సగంలో ఉంచాను, ఎందుకంటే మేం వాడేది సగంలోనే. మొదట ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందన, 3200 పెట్టాను, మరీ వెలిగిపోయింది. తగ్గించుకుంటూ, ప్రతిసారీ కెమెరా తెరనీ ట్యాబ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ వచ్చాను. మా గదిలో, మా కెమెరాకి ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800, సెకనులో 20వ వంతు దగ్గర కంటికీ ఫోటోకీ కలిసింది. ఎడమ మూల మాసిపోయింది, కుడి మూల పసుపు ఉన్నంతే ఉంది. కెమెరా లేనివాళ్లు ఫోన్‌లోనే ప్రో మోడ్ పెట్టుకోవచ్చు, అది కూడా లేకపోతే తెర మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ తగ్గించుకోవచ్చు. ఒక చిన్న వీడియో కూడా తీశాను, ట్యాబ్‌ని వంచుతూ. మరక కదలడం లేదని చూపడానికి వీడియోని మించింది లేదు.

శనివారం యాప్‌లో రీప్లేస్‌మెంట్ అడిగాను. ఆదివారం మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఎండన పడి వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. హాల్లో ట్యూబ్‌లైటు కింద ట్యాబ్ ఆన్ చేసి, “టచ్ పని చేస్తోందండి, గీతలేం లేవండి, బానే ఉందండి మేడమ్” అని ఫోన్‌లో టిక్కు పెట్టబోయాడు. “ఒక్క ఐదు నిమిషాలు లోపలికి రా బాబూ” అని డార్క్ రూమ్‌కి తీసుకెళ్లాను. చీకట్లో కాసేపు నిలబడి, నల్ల బొమ్మ పెట్టగానే, “అవునండోయ్, ఇదేంటండి ఇలాగుంది” అన్నాడు.

అతని ఫోన్‌లో ఉన్న పట్టిక నాకు చూపించాడు. డెడ్ పిక్సెల్ (పనిచేయని చుక్క) ఉందా, గీతలున్నాయా, టచ్ పని చేస్తోందా, పగిలిందా. బ్యాక్‌లైట్ అనే మాటే లేదు. అతని తప్పేం లేదు. రోజుకి ఇన్ని ఇళ్లు తిరగాలని లెక్క ఉన్నవాడు, చీకటి పడేదాకా ఏ ఇంట్లోనూ కూచోలేడు. నా ఫోటోలు, వీడియో తన ఫోన్‌కి పంపించుకుని, డిస్‌ప్లే సమస్య అని పెట్టి ఎక్కించాడు. రాత్రికి ఓకే అయింది. మీ ఇంటికి టెక్నీషియన్ పగలే వస్తాడు కాబట్టి, ఒక గది చీకటి చేసి ఉంచుకోండి. కిటికీకి దుప్పటి కట్టినా చాలు.

రెండో ట్యాబ్ గురువారం వచ్చింది. ఈసారి పెట్టె విప్పిన రాత్రే చూశాం. మూలలు చక్కగా ఉన్నాయి, పై అంచున చారల్లేవు. సంతోషం పట్టలేకపోయాను. మావయ్యగారు, “బూడిద కూడా పెట్టి చూడమ్మా” అన్నారు. లేత బూడిద రంగు బొమ్మ పెట్టాను. మధ్య నుంచి కాస్త ఎడమకి, కందిపప్పు బద్దంత చోట తెల్లటి చుక్క. నల్లటి తెర మీద దాని జాడే లేదు, బూడిద మీద, తెలుపు మీద కనపడుతోంది. మొహం ఫోటో పెడితే బుగ్గ మీద తేలుతోంది. లోపలి షీట్లు నలిగినా, ఒత్తుడు పడినా వచ్చే మచ్చ అది. అందుకని ఒక్క నల్ల బొమ్మతో ఆపకండి. నలుపు, ముదురు బూడిద, లేత బూడిద, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇవన్నీ తెర కొలతకి చేసుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. గంట సేపు వాడి, ట్యాబ్ కాస్త వెచ్చబడ్డాక మళ్లీ ఒకసారి తిప్పి చూడండి.

మా వీధిలో మొబైల్ షాపు కుర్రాడు ఒకడు, “నొక్కి రుద్దితే పోతుందండి అక్కా” అని బొటనవేలు తెర మీద పెట్టేశాడు. చేతిలోంచి లాక్కున్నాను. గుడ్డతో రుద్దమనీ, చట్రాన్ని మెల్లిగా మెలిపెట్టమనీ, జిగురు ఆరితే అదే పోతుందనీ చాలామంది చెప్తారు. దయచేసి చేయకండి. నొక్కుడు వల్ల వచ్చిన మచ్చని నొక్కి పోగొట్టాలనుకుంటే పక్కన ఇంకొకటి పడుతుంది, అప్పుడు కంపెనీ వాళ్లు మీరే పాడుచేశారంటారు, వాళ్ల మాటకి మీ దగ్గర జవాబు ఉండదు. జిగురు ఆరడం కోసమని నేనూ మొదటి ట్యాబ్‌ని ఆరు రోజులు ఉంచి చూసినట్టే లెక్క. వెంట్రుకంత కూడా మారలేదు.

రెండోసారి యాప్‌లో అడిగితే, ఒక ఆర్డరుకి ఒక్కసారే మార్పు, ఇక కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి అన్నారు. శనివారం పొద్దున్నే బయల్దేరాం. సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి. రెండు గోదావరులు దాటి వెళ్లి, టోకెన్ తీసుకుని గంటన్నర కూచున్నాను.

కౌంటర్‌లో ఆయన మర్యాదగానే మాట్లాడారు. చూశారు, చుక్క కనపడిందని ఒప్పుకున్నారు. కానీ “ఇది స్పెక్ లోపలే ఉందండి” అన్నారు, అంటే కంపెనీ పెట్టుకున్న పరిమితి లోపలే అని. ఆ స్పెక్ ఎక్కడ రాసి ఉందో చూపించమంటే, బయటికి ఇవ్వరన్నారు. కావాలంటే ట్యాబ్ ఉంచి వెళ్తే, పార్టు వచ్చాక డిస్‌ప్లే మారుస్తామన్నారు. ఈ ట్యాబ్‌లో గాజు, టచ్, తెర కలిపి అంటించి వస్తాయి, మారిస్తే కాంబో మొత్తం మార్చాలి, అంచులు వేడి చేసి ఊడదీసి మళ్లీ జిగురు పెట్టాలి. రెండు రోజుల నాటి కొత్త ట్యాబ్‌ని విప్పించుకోవడానికి నాకు మనసొప్పలేదు. డీఓఏ లెటర్ ఇవ్వమన్నాను, అంటే పెట్టె తెరిచేసరికే పాడై ఉందని సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం. అది ఆన్ కాని ముక్కలకే ఇస్తామన్నారు.

అప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే: జాబ్ షీట్, అంటే వాళ్లు చూసిందేంటో రాసిచ్చే కాగితం. మొదట రాసిచ్చిన దాంట్లో “డిస్‌ప్లే చెక్ చేశాం, ఓకే” అని ఉంది. సంతకం పెట్టలేదు. “మీరు చుక్క చూశారు కదండీ, చూసిందే రాయండి, మీ ప్రకారం స్పెక్‌లో ఉంటే అదీ రాయండి” అన్నాను. రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చి చివరికి “ఎడమ మధ్యలో తెల్ల మచ్చ ఉంది, కంపెనీ పరిమితుల లోపల” అని రాశారు. స్టాంపు వేయించుకున్నాను. ఆ ఒక్క వాక్యం కోసం చేసిన ప్రయాణం వృథా పోలేదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లినవాళ్లు ఏం తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా, లోపం మాట ఉన్న జాబ్ షీట్ లేకుండా మాత్రం బయటికి రాకండి.

ఆ రాత్రే యాప్ వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ ఆఫీసర్ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. పేరు, మెయిల్ వాళ్ల సైట్‌లో పెట్టి తీరాలి, అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి. మెయిల్‌లో కోపం ఏమీ రాయలేదు. బిల్లు, రెండు ట్యాబ్‌ల ఫోటోలు, ఏ బ్రైట్‌నెస్‌లో ఏ ఎక్స్‌పోజర్‌తో తీశానో, జాబ్ షీట్, తేదీల వరస. డబ్బు వాపసు కావాలి, ఇంకో ముక్క వద్దు అని చివర ఒక వాక్యం. సోమవారం 1915కి కూడా ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడారు. అవతలి అమ్మాయి నేను చెప్పిందంతా రాసుకుని, చదివి వినిపించి, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇచ్చింది. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. అంతదాకా అవసరం పడలేదు.

తొమ్మిదో రోజున యాప్ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినాయన ఫోటోలు తెరిచి చూసినట్టున్నారు, ఎందుకంటే “ఎక్స్‌పోజర్ వివరాలు కూడా పెట్టారు కదండీ” అన్నారు. ఇంకో వాదన లేకుండా రిఫండ్ పెట్టారు. అమ్మినవాళ్ల సేవకి నేను ఎన్ని మార్కులు వేస్తానంటే, చివరి మనిషికి నిండుగా వేస్తాను, ఆయన దాకా చేరడానికి పెట్టిన దారికి మాత్రం సున్నా. చీకట్లో తప్ప కనపడని లోపానికి పట్టపగలు పది నిమిషాల తనిఖీ పెట్టడం, ఆ పట్టికలో దాని పేరే లేకపోవడం సరి చేసుకోవాల్సిన సంగతి.

డబ్బు వచ్చిన మర్నాడు తణుకులోనే ఒక షాపుకి వెళ్లాను. వేరే కంపెనీ, అదే కొలత, ఇదీ ఎల్‌సీడీయే, 26,400 చెప్పారు. ఆన్‌లైన్‌లో దానికన్నా 1,400 తక్కువ. షాపాయనకి జరిగిందంతా చెప్పి, డబ్బు కట్టేముందు చీకట్లో చూసుకుంటానన్నాను. కాసేపు ఆలోచించారు. “సీలు తీశాక మీరు వద్దంటే నాకు నష్టం కదమ్మా” అన్నారు. న్యాయమైన మాటే. మరక కదలకుండా ఉంటేనే వద్దంటాననీ, కదిలే మెరుపుకి పేచీ పెట్టననీ చెప్పి, ఆ తేడా ఆయనకి ఆయన షాపులో డిస్‌ప్లేకి పెట్టిన ట్యాబ్ మీదే చూపించాను. ఒప్పుకున్నారు. వెనక గోడౌన్‌లో లైటు తీసేసి, షట్టర్ సగం దించి, ఆయన, నేను, పని కుర్రాడు నిలబడ్డాం. మొదటి పెట్టెలో ట్యాబ్‌కి పై మూలన సన్నటి తెల్లటి పాయ ఉంది. నేను అనకముందే ఆయనే, “ఇది కదలట్లేదమ్మా” అని పక్కన పెట్టేసి రెండోది విప్పారు. ఆ 1,400 నాకు ఎక్కువ అనిపించలేదు.

అది తీసుకున్నాను. అందులోనూ ఎడమ కింద చిన్న నీలం మెరుపుంది, ఓరగా చూస్తేనే. ఇరవై ఆరు వేల ఎల్‌సీడీలో అంతకన్నా నల్లటి నలుపు అడగడం అత్యాశ. రోజూ పగలు చదువుకోడానికి, పిల్లల క్లాసులకి కొనేవాళ్లయితే మా మొదటి ట్యాబ్‌తో కూడా సర్దుకోగలరేమో, నేను కాదనను. రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లు, మాలాగా చీకటి ఫోటోలతో పని ఉన్నవాళ్లు మాత్రం మొదటి రాత్రే చూసుకోండి.

శ్రావణం మొదటి వారంలో ఆ పెళ్లికూతురి అమ్మగారు మళ్లీ వచ్చారు. ట్యాబ్ చేతికిచ్చి, ఆ ఫోటో తెరిచి, షట్టర్ కాస్త దించాను. ఆవిడ చాలాసేపు చూశారు. కుడి కింద మూల, పసుపు మరక ఉండిన చోట, చీకట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో కూచున్న మనిషి భుజం, తెల్ల కండువా అంచు లీలగా ఉన్నాయి. మానిటర్ మీద అది నేను ముందే చూశాను. ఆల్బమ్ షీట్‌లో జంటని మధ్యకి తెచ్చేటప్పుడు ఆ మూల కోసేద్దామని గీత కూడా పెట్టుకున్నాను.

“మా నాన్నగారు” అన్నారావిడ. “నిద్రకి ఆగలేరు పడుకోండి అంటే వినలేదమ్మా. ముహూర్తం దాకా అక్కడే కూచున్నారు.”

వేలు తెరకి తగలకుండా ఆ మూల మీద ఉంచి, “ఇది కొయ్యొద్దు” అన్నారు. సరేనన్నాను. రెండు పేజీల షీట్‌కి ఫోటో అంచు నుంచి అంచు దాకా పెట్టి, ల్యాబ్‌కి పంపేటప్పుడు ఆ మూల మీద ఏ పేరూ, ఏ డిజైనూ వేయొద్దని రాసి పంపాను.